మనవాడి చిటికెనవేలు

పోయిన వారం నన్ను స్మారక మందిరం వెనక గుమ్మం దగ్గర నిలబెట్టి మీరు పత్రిక మడిచి పక్కన పడేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయి, ఒళ్ళు మండుతోంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

లోపల గాజుపెట్టెలో పడుకున్నది మా నాన్న. దేశమంతా 'మనవాడు' అని పిలుచుకున్న నాయకుడు. పోయి ఏళ్ళు గడిచినా ఆయన్ని మట్టిలో పెట్టలేదు. మందులెక్కించి, చల్లగదిలో పడుకోబెట్టి, వరసకట్టించి జనానికి చూపిస్తున్నారు. చూపిస్తున్నది మా చిన్నాన్న, నాన్నకు సొంత తమ్ముడు. తల పండిపోయినా దేశానికి ఇంకా 'తమ్ముడుగారే'. అన్న కూర్చున్న కుర్చీలో తను కూర్చుంటే తప్ప ఆయనకు ప్రాణం పోయేలా లేదు. ఈ ఆదివారం నాన్న వర్ధంతి సభ. అక్కడ నేను మైకు ముందుకెళ్ళి, "తన తర్వాత తమ్ముడేనని నాన్న నాతో అన్నారు" అని ఒక్క మాట చెప్పాలి. చెప్తే సోమవారం నాన్నను నాకు అప్పగిస్తాడు. నేను తీసుకెళ్ళి, లోకంలో అందరినీ పెట్టినట్టే మట్టిలో పెట్టుకుంటాను. ఇదీ మా బేరం.

నాన్న ఆ మాట ఎప్పుడూ అనలేదు. తమ్ముడి గురించి ఆయన అన్న మాటలు మైకులో చెప్పదగ్గవి కావు.

అయినా ఒప్పుకున్నాను. తండ్రి మీద ప్రేమ పొంగి పొర్లిందనుకునేరు, అంత సీను లేదు. నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. పొద్దుట్నించి సాయంత్రం దాకా "క్లచ్ తొక్కు, క్లచ్!" అని అరవడమే నా బతుకు. ఎర్రలైటు దగ్గర బండి ఆగుతుంది. పక్కన బస్సు వచ్చి ఆగుతుంది. దాని ఒంటి నిండా నాన్న బొమ్మ. 'మనవాణ్ణి కళ్ళారా చూడండి, సెలవు రోజుల్లోనూ తెరిచి ఉంటుంది' అని కింద రాసి ఉంటుంది. స్టీరింగు పట్టుకున్న కుర్రది "మేడమ్, మీరు చూశారా?" అంటుంది. కన్నతండ్రిని చేపను పెట్టినట్టు మంచులో పెట్టి అమ్ముకుంటుంటే ఏం చెప్పను? లైటు మారింది, పోనీ అంటాను. ఇంటికొచ్చాక ఏడుస్తాను.

అమ్మకు ఇవేం పట్టవు. "ఉండనీవే. ఆయనకి చుట్టూ జనం ఉంటే చాలు, బతికున్నా చచ్చినా ఒకటే," అంటుంది. "ఊరందరికీ మనవాడు, నాకొక్కదానికే పరాయివాడు" అన్నది ఆవిడ పాత మాట. ఈ రోజు నేను బయల్దేరుతుంటే కూడా పెరట్లో తన పనిలో తానుంది. కంచాలు కడిగిన నీళ్ళ బేసిన్ ఎత్తుకెళ్ళి, ఎప్పట్లాగే ప్రహరీగోడ పక్కన ఖాళీ నేల మీద గుమ్మరించింది. "ఆ నిమ్మచెట్టుకు పోయొచ్చు కదమ్మా!" అని నేను, "నీ పని నువ్వు చూసుకో" అని ఆవిడ. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ ఇదే గొడవ.

సరే, గుమ్మం తెరుచుకుంది.

తెరిచింది మేకప్ మాస్టారు. పూర్వం నాటకాల కంపెనీలో రాజులకీ రాక్షసులకీ రంగులు వేసినవాడు. ఇప్పుడు వారానికోసారి మా నాన్నకు వేస్తాడు. చొక్కా కాలరు మీద ఎప్పుడూ పౌడరు మరక ఉంటుంది. మధ్యాహ్నం విరామం కాబట్టి జనం లేరు. వరసలో నిలబెట్టే స్టీలు కమ్మీలు, చెప్పులు పెట్టే అరలు, గోడకు 'గట్టిగా ఏడవరాదు' అన్న బోర్డు. మధ్యలో గాజుపెట్టె. మూత మీద ఇంకా తుడవని అరచేతి ముద్ర ఒకటి కొవ్వొత్తి జిడ్డులా మెరుస్తోంది. మంత్రులు పదవిలోకి వచ్చేముందు ఈ గాజు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారు. ఇది చిన్నాన్న పెట్టిన ఆచారం. పదవి పోయేటప్పుడు మాత్రం ఎవరూ ఇటు రారు.

"మూత తీయండి మాస్టారూ. ఒకసారి చెయ్యి పట్టుకుంటాను," అన్నాను.

ఆయన పెట్టెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "తీయకూడదు అమ్మాయిగారూ. గాలి తగిలితే పాడైపోతారు."

"బతికుండగా కాస్త బయట గాలి తగలనిస్తే బాగుపడేవాడు. ఇప్పుడు పాడయ్యేదేముంది? తీయండి."

"తమ్ముడుగారికి తెలిస్తే నా తోలు తీస్తారు."

"ఆదివారం నేను రాకపోతే ఎవరి తోలు ముందు తీస్తారో ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాడు. మొలకున్న తాళంచెవి తీశాడు. మూత లేచింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

నిజం చెప్పొద్దూ, నాన్న బాగున్నాడు. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పటికంటే బాగున్నాడు. బుగ్గలు నిండాయి, నుదుటి మీద గీతలు పోయాయి. బతికున్న రోజుల్లో ఇంత ప్రశాంతంగా ఉన్న పాపాన పోలేదు. ఛాతీ దాకా జెండా కప్పారు. చేతులు జెండా కింద ఉన్నాయి. నేను అంచు ఎత్తి కుడిచెయ్యి పట్టుకున్నాను.

ఆ చేతికి ఒక కథ ఉంది. దేశంలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు, ఇవాళ మీకు తెలుస్తుంది.

నాకప్పుడు పాలపళ్ళు ఊడుతున్న వయసు. ఏదో వంతెన ప్రారంభించడానికి నాన్న మమ్మల్ని కూడా తీసుకెళ్ళాడు, కుటుంబంతో సహా వచ్చాడని ఫొటో పడాలిగా. నేను కారులో కూర్చుని ఉడికిపోతున్నాను. ఆయన ఒక చెయ్యి తలుపు సందులో ఆనించి, రెండో చెయ్యి జనానికి ఊపుతూ నిలబడ్డాడు. ఎంతకీ కారెక్కడే! ఒళ్ళు మండి తలుపు ధడేలుమని లాగేశాను. కుడిచేతి చిటికెనవేలు అందులో పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

నాన్న అరవలేదు. ఎదురుగా కెమెరా ఉంది. నవ్వు చెదరలేదు, ఎడమచెయ్యి ఊపడం ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం బొటబొటా కారాయి. 'ప్రజల ప్రేమకు కరిగిన మనవాడు' అని మర్నాడు పత్రికలన్నిటిలో ఆ ఫొటోనే. పర్యటన అయ్యేదాకా డాక్టరుకు చూపించుకోలేదు. ఆ వేలు వంకరగా అతుక్కుని, పక్కకు పొడుచుకొచ్చి ఉండిపోయింది. చెయ్యి ఊపితే కెమెరాలో అసహ్యంగా కనబడుతోందని అప్పట్నించి పిడికిలి బిగించి ఎత్తడం మొదలుపెట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. మనవాడికి కోపం వచ్చిందన్నారు, అన్యాయం మీద తిరగబడ్డాడన్నారు. అదే పార్టీ గుర్తయింది. జెండా మీద పిడికిలి, స్టాంపు మీద పిడికిలి, బళ్ళో పిల్లలు ప్రార్థన అయ్యాక ఎత్తే పిడికిలి. ఇంత దేశమూ నేను వేసిన కారు తలుపు దెబ్బకు చెయ్యెత్తి నిలబడింది.

ఇంటికొచ్చాక నన్ను కొడతాడని గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొట్టలేదు. "ఈసారి తలుపు వేసేముందు కెమెరాలు పోయాయో లేదో చూసుకో," అని లోపలికెళ్ళిపోయాడు. ఒక్క చెంపదెబ్బ వేసి ఉంటే నాకూ ఒక తండ్రి ఉన్నాడనుకునేదాన్ని.

ఆ వేలి కోసమే వెతికాను.

చిటికెనవేలు తిన్నగా ఉంది. పక్క వేళ్ళతో పాటు బుద్ధిగా, బళ్ళో కూర్చున్న పిల్లాడిలా ఉంది. కుడి ఎడమలు తికమకపడ్డానేమో అనుకుని రెండో చెయ్యి చూశాను. అదీ తిన్నగానే ఉంది. మళ్ళీ కుడిచేతి వేలు పట్టుకుని గట్టిగా నొక్కాను. నా బొటనవేలి గోరు లోపలికి దిగింది. చెయ్యి తీస్తే అక్కడ చిన్న గాటు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కరెంటు పోయినప్పుడు ఇంట్లో వచ్చే వాసనే.

"మాస్టారూ," అన్నాను, "ఇది కొవ్వొత్తి."

ఆయన గబుక్కున వంగి ఆ గాటు చూసుకున్నాడు. "వేలి గురించి నాకెవరూ చెప్పలేదు అమ్మాయిగారూ," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఏ ఫొటో చూసినా పిడికిలే. వేళ్ళు ఎలా ఉంటాయో నాకెలా తెలుస్తుంది? నావే చూసి చేశాను."

ఆయన చేతుల కేసి చూశాను. అవును, అవే వేళ్ళు. దొంగతనం దొరికిందని కాదు, పనిలో తప్పు పట్టారని ఏడుస్తున్నాడు ఆ మహానుభావుడు. నాకు నవ్వొచ్చింది.

"మా నాన్న ఏడీ?"

చెప్పాడు. నాన్న పోయిన రెండో ఏడు, నడి ఎండాకాలంలో వర్ధంతి సభలు పెట్టారు. ఊరంతా కరెంటు కోతలు. చల్లగదికి జనరేటరు ఉంది. కానీ సభలో స్టేజీ వెనక రంగురంగుల లైట్లతో నాన్న పిడికిలి ఎత్తుగా నిలబెట్టారట, దానికి కరెంటు చాలలేదు. పార్టీలో పెద్దలందరూ కూర్చుని గట్టిగా ఆలోచించి ఈ జనరేటరు పట్టుకెళ్ళారు. అక్కడ కవులు "మనవాడు అమరుడు" అని గొంతు చించుకుని పాడుతున్నారు. ఇక్కడ మనవాడు ఎండకు పాడైపోతున్నాడు. మళ్ళీ జనరేటరు తెచ్చేసరికి గదిలో అడుగుపెట్టే వీల్లేదు.

"వరసలో ఉన్నవాళ్ళకి వాసన తెలియలేదా?"

"ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. మహిమ అన్నారు. ఆ తర్వాత మరమ్మతులని బోర్డు పెట్టి మూసేశాం. నన్ను ఈ బొమ్మ చెయ్యమన్నారు."

ఇంత తెలివైనవాళ్ళ చేతుల్లో దేశం ఎలా నడుస్తోందా అని ఆశ్చర్యపోయేవాళ్ళకు నా జవాబు ఒకటే. నడవట్లేదు. దొర్లుతోంది.

అప్పుడే ముందు తలుపు తీసుకుని చిన్నాన్న వచ్చాడు. ఆదివారం గాజు మీద చెయ్యి ఎలా పెట్టాలో ఒకసారి చూసుకోవడానికి వచ్చాడట. బయట ఫొటోగ్రాఫరు కాచుకుని ఉన్నాడు. అన్న పెట్టుకున్నలాంటి కళ్ళజోడు, అన్న వేసుకున్నలాంటి కోటు. అన్నలాగే మెల్లగా నడవబోయి, మూత తెరిచి ఉండటం చూసి తన సొంత నడకతో గబగబా వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఏంటిది? దీనికోసమా నేను ఆదివారం అబద్ధం చెప్పాల్సింది?"

మాస్టారి కేసి చూశాడు. మాస్టారు తల దించుకున్నాడు. చిన్నాన్న సిగ్గుపడతాడని ఒక్క క్షణం ఆశపడ్డాను చూడండి, నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు. ఆయన జేబురుమాలు తీసి, నాన్న వేలి మీద గాటును మెల్లగా రుద్ది నున్నగా చేశాడు.

"తీసుకెళ్తానంటే తీసుకెళ్ళు. మాట తప్పేవాణ్ణి కాదు," అన్నాడు. "సోమవారం బండి పెట్టి పంపిస్తాను. మాకు ఇంకోటి చేస్తాడు మాస్టారు. ఈసారి వేలు వంకర పెడతాడులే."

"బొమ్మను తీసుకెళ్ళి మట్టిలో పెట్టుకోమంటావా?"

"తప్పేముంది? జనం ఇన్నేళ్ళుగా దీన్ని చూసే ఏడుస్తున్నారు. పిల్లలకి పేర్లు పెట్టుకుంటున్నారు. ఎవరికేం తక్కువైంది?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అన్న గొంతు జారిపోయి సొంత గొంతు బయటికొచ్చింది. "నువ్వు మీ నాన్న ఏదో అనుకుంటున్నావు. బతికున్నప్పుడు మాత్రం లోపల ఏముందే? ఆయన చెప్పులు మోశాను, ఆయన ఉపన్యాసాలు రాశాను. జనంలో ఎవరు కనబడితే వాళ్ళ పేరు చెవిలో ఊదాను. ఆయన నవ్వి ఆ పేరు పెట్టి పిలిచేవాడు, వాళ్ళు కాళ్ళ మీద పడేవాళ్ళు. నా పేరు పెట్టి ఒక్కసారి పిలిచాడా? 'ఏరా' అనేవాడు. దానికంటే ఈ బొమ్మ నయం. కనీసం నోరెత్తదు."

ఆయన మీద అసహ్యంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. జాలి అని ఒప్పుకోవడం నాకిష్టం లేదు. ఎందుకంటే నన్నూ నాన్న పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

"అందరికీ చెప్తాను," అన్నాను. "ఆదివారం ఆ మైకులోనే చెప్తాను. మీ మంత్రులంతా కొవ్వొత్తి మీద ప్రమాణం చేశారని చెప్తాను."

"చెప్పు. ఎవరు నమ్ముతారు? నమ్మినవాళ్ళు మాత్రం ఏం చేస్తారు, వెలిగిస్తారా?" నవ్వాడు. "నువ్వు ఆదివారం వస్తావు. నేను చెప్పమన్న మాటే చెప్తావు."

"నా ఖర్మా? నాన్న లేకుండా నీకెందుకు చెప్తాను?"

"ఇంటికెళ్ళి మీ అమ్మను అడుగు."

"మధ్యలో అమ్మ ఎందుకు?"

చిన్నాన్న మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ అన్న అయిపోయాడు. "ఆ ఎండాకాలం మీ నాన్నను ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక మేమంతా తలలు పట్టుకుంటే, పంపించండి అని కబురు పెట్టింది ఎవరనుకున్నావు? నీకు చెప్పలేదా?"

బండి ఎలా నడిపానో నాకే తెలియదు. ఇంకొకళ్ళు అలా నడిపితే నడిరోడ్డు మీద దింపేసేదాన్ని. ఆ రెండో ఏడు నేను వేరే ఊళ్ళో బస్సు డిపోలో పని చేస్తున్నాను. తర్వాత ఇంటికొచ్చేసరికి పెరడు కొత్తగా చదును చేసి ఉంది. "గోడ పక్కన పాములొస్తున్నాయని మట్టి పోయించాను," అంది అమ్మ. నేను నమ్మాను. ఆ గోడ పక్కన కుర్చీ వేసుకుంటానంటే వద్దనేది. బట్టల తాడు కడతానంటే వద్దనేది. జనం వెర్రెత్తిపోయారన్నాను కదా ఇందాక, ఆ జనంలో నేనూ ఒకదాన్ని.

నేను ఇల్లు చేరేసరికి సాయంత్రం ఎండ పెరట్లో వాలుతోంది. అమ్మ టీ గిన్నెలు కడుగుతోంది. నేను సరాసరి ప్రహరీ దగ్గరికి వెళ్ళి ఆ ఖాళీ నేల మీద నిలబడ్డాను. అమ్మ బేసిన్ ఎత్తుకుని వచ్చింది. నా మొహం చూసింది. కాళ్ళ కేసి చూసింది. దాచడానికి ఇంకేమీ లేదని ఆవిడకు అర్థమైంది.

"తప్పుకో," అంది. "మీ నాన్న మీద నిలబడ్డావు."

తప్పుకున్నాను. నీళ్ళు గుమ్మరించింది. రోజూ గుమ్మరించినట్టే, ఒక్క చుక్క పక్కకు పోకుండా.

"ఎందుకు తెప్పించుకున్నావమ్మా? అంత అసహ్యమైతే?"

అమ్మ ఖాళీ బేసిన్ నడుముకు ఆనించుకుంది. "నలభై ఏళ్ళు ఊరూరా పంచిపెట్టారు. పంచగా పంచగా పనికిరానిది మిగిలింది. అదైనా నాకు దక్కుతుందనుకున్నాను. చోటు నేనే చూపిస్తానన్నాను, చూపించాను." బేసిన్‌లో మిగిలిన చుక్కలు కూడా దులిపింది. "రోజూ తిడతాను. వింటాడు. అప్పుడు ఎప్పుడూ వినలేదు."

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళుగా ఎవరికోసం కొట్లాడుతున్నానో ఆయన నా గది కిటికీ కిందే పడుకున్నాడు. మట్టిలోనే ఉన్నాడు. నాకు కావలసింది అదే. ఇంక ఆదివారం నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చిన్నాన్న మొహాన తలుపు వేసి, సోమవారం మామూలుగా క్లాసుకు వెళ్ళొచ్చు.

"అయితే వాడికి మనం బాకీ లేం," అన్నాను. "ఆ మాట చెప్పను పో."

అమ్మ బేసిన్ కింద పెట్టి నా పక్కన గట్టు మీద కూర్చుంది. పని మధ్యలో అమ్మ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, నాన్న పోయిన రోజు కూడా.

"మీ చిన్నాన్న ఊరికే పంపించాడనుకున్నావా?" అంది. "ఎప్పుడు అవసరమొస్తే అప్పుడు ఇంట్లోంచి ఒకళ్ళు మైకు ముందుకొచ్చి తనకు అనుకూలంగా ఒక మాట చెప్పాలన్నాడు. నా నోటితో నేను చెప్పలేనన్నాను. మా అమ్మాయి చెప్తుందని మాటిచ్చాను."

"నన్నడగకుండానా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఇప్పుడూ ఒప్పుకోను. చెప్పకపోతే ఏం చేస్తాడు?"

అమ్మ తడిసిన నేల కేసి చూసింది.

"సోమవారం వచ్చి తవ్వుకుపోతాడు."